సైన్స్ ముందా, టెక్నాలజీ ముందా? ప్రశ్నను విడగొట్టి చూస్తే

సైన్స్ ముందా, టెక్నాలజీ ముందా అన్న ప్రశ్నలో రెండు పక్షాలున్నాయి. "టెక్నాలజీ అంటే సైన్స్‌ను వాడుకలో పెట్టడమే, కాబట్టి సైన్స్‌కు డబ్బు పెడితే టెక్నాలజీ దానంతటదే వస్తుంది" అనేది ఒకటి. "ఆవిరి యంత్రం తిరిగిన వందేళ్ళకు గానీ వేడి పనిగా ఎలా మారుతుందో చెప్పే థర్మోడైనమిక్స్ పుట్టలేదు, కాబట్టి టెక్నాలజీయే ముందు" అనేది రెండోది. రెండింటికీ కావలసినన్ని ఉదాహరణలు దొరుకుతాయి కాబట్టే ఈ వాదన ఎన్నాళ్ళైనా తెగదు. ముందు వెనకల సంగతి పక్కనబెట్టి, ఒక పని జరిగేటప్పుడు సైన్స్ సరిగ్గా ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ రాదు అని చూడండి. నా లెక్కలో సైన్స్ టెక్నాలజీకి ఇచ్చేది చాలాసార్లు తయారీ పద్ధతి కాదు. హద్దు ఎక్కడుందో, ఒక కొలత మారితే ఫలితం ఎంత మారుతుందో చెప్పే లెక్క ఇస్తుంది. పద్ధతిని మాత్రం విడిగా, వేరే రకం కష్టంతో సంపాదించుకోవాలి.

డబ్బా ఆహారంతో మొదలుపెడదాం. గాజు సీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్ళలో ఉంచి నిలవచేసే పద్ధతిని నికొలా అపెర్ 1810లో ప్రచురించాడు. ఫ్రెంచి ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చింది 1860ల ప్రాంతంలో. మధ్యలో యాభై ఏళ్ళు పద్ధతి నడిచింది, వివరణ మాత్రం తప్పు. గే-లుసాక్ అంతటివాడు సీసాలో ఆక్సిజన్ లేకపోవడమే కారణమన్నాడు. వివరణ తప్పైనా అదే సీసా, అదే పదార్థం, అదే సమయం ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. సీసా సైజు మార్చగానే గండం మొదలవుతుంది. ముద్దలా ఉండే ఆహారంలో వేడి ఒక పొర నుంచి మరో పొరకు మెల్లగా పాకుతుంది. డబ్బా కొలతలు రెట్టింపైతే మధ్యభాగం వేడెక్కడానికి నాలుగింతల సమయం కావాలి. ఈ వర్గపు లెక్క తెలియనివాడు "డబ్బా రెండింతలు, కాబట్టి సమయం రెండింతలు" అనుకుంటాడు. డబ్బా మధ్యలో కుళ్ళు అక్కడే మొదలవుతుంది.

సూక్ష్మజీవులే కారణమని తెలిసినంత మాత్రాన కూడా కర్మాగారానికి పెద్దగా ఒరిగింది లేదు. ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు అన్నది అందులో లేదు. 1890లలో ప్రెస్కాట్, అండర్‌వుడ్ అనే ఇద్దరు డబ్బా లోపలి ఉష్ణోగ్రతను నేరుగా కొలిచి, వేడికి తట్టుకుని మిగిలే బ్యాక్టీరియాను పట్టుకున్నాక అంకెలకు దారి దొరికింది. ఇవాళ్టి అంకెలివి. ప్రాణాంతక విషం పుట్టించే బొటులినమ్ బ్యాక్టీరియా స్పోర్లు (వేడికి తట్టుకునే బీజాలు) 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్రతి 0.21 నిమిషానికి పదోవంతుకు తగ్గుతాయి. పన్నెండుసార్లు అలా తగ్గాలనేది నియమం కాబట్టి 0.21ని 12తో గుణిస్తే సుమారు 2.5 నిమిషాలు. ఆచరణలో 3 నిమిషాలు పెట్టుకుంటారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే సమయం పదింతలు కావాలి. అంటే 111 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, మామూలుగా మరిగే నీటిలో అయిదు గంటల పైమాట. నీరు 95 డిగ్రీలకే మరిగే ఎత్తైన ప్రదేశంలో దాదాపు 17 గంటలు. ప్రెషర్ లేకుండా మాంసం, కూరగాయలు డబ్బాల్లో పెట్టకూడదని గట్టిగా చెప్పడానికి ఈ లెక్క చాలు. పండ్లకు ఈ బాధ లేదు. పులుపును కొలిచే పీహెచ్ 4.6 కన్నా తక్కువైతే (అంటే పులుపు ఎక్కువైతే) ఈ స్పోర్లు మొలకెత్తి పెరగలేవు, మరిగించడంతో సరిపోతుంది.

సైన్స్ ఇక్కడిదాకా తెచ్చి వదిలేస్తుంది. ఆ 3 నిమిషాలు రిటార్టులో (డబ్బాలను ఆవిరి పీడనంలో ఉడికించే పెద్ద పాత్రలో) పెట్టిన ప్రతి డబ్బాకూ, అందులోని అతి చల్లని బిందువుకూ అందాలి. ముద్దగా ఉన్న పదార్థంలో ఆ బిందువు సరిగ్గా మధ్యలో ఉంటుంది. పలచటి రసంలో అయితే అడుగునుంచి వేడి పైకి తిరుగుతుంది కాబట్టి అది నడిమధ్య కన్నా కాస్త కిందికి జారుతుంది. ఉష్ణోగ్రత కొలిచే తీగను (థర్మోకపుల్) తప్పుచోట గుచ్చితే కొలతంతా దండగ. దీనికన్నా పెద్ద ప్రమాదం గాలి. రిటార్టులోకి ఆవిరి వదిలినప్పుడు లోపలి గాలిని పూర్తిగా బయటకు పంపకపోతే, ప్రెషర్ గేజి మామూలుగానే చదరపు సెంటీమీటరుకు 1.05 కిలోలు చూపిస్తుంది. వాతావరణ పీడనం కూడా కలుపుకున్న మొత్తం పీడనంలో అయిదోవంతు గాలిదే అనుకోండి, ఆవిరి ఉష్ణోగ్రత 121 దగ్గర కాక 114 దగ్గర ఆగుతుంది. ఏడు డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ, పై లెక్క ప్రకారం స్పోర్లు చచ్చే వేగం అయిదోవంతుకు పడిపోతుంది. అందుకే రిటార్టు నడిపేవాళ్ళు గేజిని కాదు, థర్మామీటరును నమ్మాలంటారు. వాయువుల పాక్షిక పీడనాల నియమం డాల్టన్ నాటి నుంచీ పాఠ్యపుస్తకంలో ఉంది. దాన్ని "వెంటు వాల్వు ఇన్ని నిమిషాలు తెరిచి ఉంచాలి" అనే నిబంధనగా మార్చింది మాత్రం కర్మాగారం.

ఆవిరి యంత్రం కథ అందరూ చెప్పేదే కాబట్టి తొందరగా ముగిస్తాను. న్యూకమెన్ యంత్రం 1712లో నీళ్ళు తోడింది. ప్రతి దెబ్బకూ సిలిండరునే చల్లార్చి మళ్ళీ వేడిచేయడం వల్ల బొగ్గులోని శక్తిలో ఒక శాతం కూడా పనిగా మారడం కష్టమయ్యేది. ఆవిరిని వేరే పాత్రలో చల్లబరిచే ఆలోచనకు వాట్ 1769లో పేటెంటు తీసుకున్నాడు. మంచి యంత్రాలు బయటికొచ్చింది 1776 నాటికి. ఈ ఏడేళ్ళ ఆలస్యానికి ఏ సిద్ధాంతమూ కారణం కాదు. సిలిండరు లోపలి గోడ గుండ్రంగా లేక ఆవిరి పిస్టన్ పక్కనుంచి కారిపోయేది. ఫిరంగి గొట్టాలు తొలిచే విద్యతో విల్కిన్సన్ సిలిండర్లను కచ్చితంగా తొలిచాకే ఆ చిక్కు వీడింది.

ఫ్రెంచి ఇంజనీరు కార్నో 1824లో వేసిన లెక్క ఆ తర్వాతది. ఉష్ణాన్ని ఒక ద్రవంలాంటి పదార్థంగా భావించే తప్పుడు నమ్మకంతోనే అతను మొదలుపెట్టాడు, తేల్చింది మాత్రం నేటికీ నిలిచింది. వేడి వైపు 100 డిగ్రీలు, చల్లని వైపు 30 డిగ్రీలు ఉంటే కెల్విన్‌లోకి మార్చి 303ను 373తో భాగించి ఒకటిలోంచి తీసేయండి, వేడిలో పనిగా మారగలిగే గరిష్ఠ భాగం 18.8 శాతం అని వస్తుంది. ఎంత గొప్ప పనివాడైనా ఆ ఉష్ణోగ్రతల మధ్య దాన్ని దాటలేడు. కాబట్టి పిస్టన్ నునుపు చేయడం కన్నా ఆవిరి వేడి పెంచడం మేలని తేలింది. రుడాల్ఫ్ డీజిల్ ఈ లెక్కను చేతపట్టుకునే తన ఇంజన్ మొదలుపెట్టాడు. కాగితం మీద అతను కోరుకున్న పీడనం సుమారు 250 అట్మాస్ఫియర్లు. నాటి లోహాలతో అది అయ్యే పని కాదు. పీడనాన్ని ఎంతో తగ్గించి, మండే పద్ధతినే మార్చుకున్నాక 1897 పరీక్షలో 26 శాతం వచ్చింది. యంత్రం నుంచి సిద్ధాంతం, సిద్ధాంతం నుంచి మరో యంత్రం. మొదట చెప్పిన రెండు పక్షాలవాళ్ళూ ఇందులో తమకు నచ్చిన సగమే చెబుతారు.

నన్నడిగితే ఈ విషయం నేర్చుకోవడానికి అమ్మోనియా తయారీని మించిన పాఠం లేదు. కాస్త నిదానంగా చూద్దాం. ఒక పాలు నైట్రోజన్, మూడు పాళ్ళ హైడ్రోజన్ కలిస్తే రెండు పాళ్ళ అమ్మోనియా. చర్యలో వేడి బయటికొస్తుంది, ఘనపరిమాణం తగ్గుతుంది. కాబట్టి చల్లగా, ఎక్కువ పీడనంలో ఉంచితే దిగుబడి పెరగాలి. కానీ చల్లగా ఉంచితే చర్య అసలు కదలదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ కొలతల ప్రకారం 500 డిగ్రీల దగ్గర మామూలు పీడనంలో సమతాస్థితికి వచ్చే అమ్మోనియా 0.13 శాతమే. 200 అట్మాస్ఫియర్ల దగ్గర 17-18 శాతం. ఈ రెండంకెలే మొత్తం పరిశ్రమకు పునాది. ఉత్ప్రేరకాన్ని ఎంత మెరుగుపరిచినా ఆ శాతం పెరగదు, అక్కడికి చేరే వేగమే పెరుగుతుంది. కాబట్టి పీడనం తప్పదు. మిగిలిపోయిన వాయువును పారేయకుండా, అమ్మోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేసి, తిరిగి రియాక్టరులోకి తిప్పాలి. హేబర్ 1909లో తన బల్లమీది పరికరంలో ఇదంతా చేసి చూపించాడు.

అక్కడినుంచి 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో అమ్మోనియా కర్మాగారం తెరిచేదాకా జరిగిన పనిని "సైన్స్‌ను వాడుకలో పెట్టడం" అనే ముక్కతో తేల్చేయడం అన్యాయం. హేబర్ వాడిన ఉత్ప్రేరకం ఆస్మియం. కర్మాగారాలకు సరిపడా ఆస్మియం లోకంలో లేదు. ఆల్విన్ మిటాష్ బృందం కొద్ది గ్రాముల నమూనాలను మార్చి మార్చి పెట్టగలిగే చిన్న పరీక్షా రియాక్టర్లు కట్టించి, వేల మిశ్రమాలు పరీక్షించింది. శుద్ధమైన ఇనుము సరిగా పనిచేయలేదు, ఒకానొక స్వీడిష్ ఇనుప ఖనిజం మాత్రం బాగా పనిచేసింది. తేడా అందులోని మలినాలదే. అల్యూమినా, పొటాషియం కాస్త కలిపితే ఇనుము ఓపిగ్గా పనిచేస్తుంది. అల్యూమినా ఇనుప రేణువులు వేడికి ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపుతుంది, పొటాషియం నైట్రోజన్ బంధం తెగడానికి సాయపడుతుంది. ఇది మనకు ఇప్పుడు తెలుసు, మిటాష్‌కు తెలియదు. ఇనుము ఉపరితలం మీద నైట్రోజన్ ఎలా విడిపోతుందో అడుగడుగునా విప్పి చూపినవారిలో ముఖ్యుడైన గెర్హార్డ్ ఎర్టుల్‌కు నోబెల్ వచ్చింది 2007లో. అప్పటికి ఆ ఉత్ప్రేరకం వయసు తొంభై దాటింది, కూర్పు మాత్రం పెద్దగా మారలేదు.

రెండో చిక్కు రియాక్టరు గోడ. మంచి ఉక్కుతో చేసిన గొట్టాలు కొద్ది రోజుల్లోనే పగిలిపోయేవి. ఈ పద్ధతిని కర్మాగారం స్థాయికి తెచ్చిన కార్ల్ బోష్ పగిలిన ముక్కలను నునుపు చేయించి సూక్ష్మదర్శిని కింద చూస్తే లోపలి అంచున కార్బన్ మాయమై ఉంది. వేడి హైడ్రోజన్ ఉక్కులోకి ఇంకి, అక్కడి కార్బన్‌తో కలిసి మీథేన్ అవుతుంది. మీథేన్ బయటికి రాలేక లోపలే పీడనం పెంచి లోహాన్ని చీలుస్తుంది. ఉక్కుకు బలమిచ్చేది కార్బనే, చేటు తెచ్చేదీ అదే. బోష్ చేసిన ఉపాయం ఏమిటంటే, రెండు పనులనూ రెండు గొట్టాలకు పంచాడు. లోపల కార్బన్ దాదాపు లేని మెత్తని ఇనుప గొట్టం. అది హైడ్రోజన్‌కు చెక్కుచెదరదు గానీ పీడనాన్ని మోయలేదు. దాని బయట బిగుతుగా ఉక్కు గొట్టం. పీడనం అది మోస్తుంది. లోపలి గొట్టంలోంచి ఎలాగూ కొంత హైడ్రోజన్ బయటికి ఇంకుతుంది కాబట్టి బయటి గొట్టానికి సన్నని రంధ్రాలు తొలిపించాడు. హైడ్రోజన్ పీడనం పెరిగే లోపే వాటిగుండా బయటికి పోతుంది. ఉక్కు చల్లగా ఉండేలా వేడిని లోపలే ఉంచాడు. ఇందులో కొత్త ప్రకృతి నియమం ఒక్కటీ లేదు. ఇది లేకపోతే హేబర్ అంకెలు కాగితం మీదే ఉండిపోయేవి. అధిక పీడన పద్ధతులకు బోష్‌కు 1931లో మరొకరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు, అది న్యాయమే.

ఈ హైడ్రోజన్ దెబ్బ వ్యవహారంలో మూడో రకం జ్ఞానం కూడా కనిపిస్తుంది. దాన్ని సైన్స్ అనలేం, చేతి పనితనమనీ అనలేం. ఏ ఉక్కును ఎంత హైడ్రోజన్ పీడనంలో, ఎంత వేడిదాకా వాడొచ్చో చెప్పే నెల్సన్ రేఖలు 1940ల చివర్లో వచ్చాయి. ఎక్కడ పగిలింది, ఎక్కడ పగల్లేదు అని కర్మాగారాల అనుభవం పోగుచేసి చుక్కలు పెట్టి గీసినవి అవి. సిద్ధాంతం నుంచి రాబట్టినవి కావు. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు ఎక్కువ వేడికి నిలుస్తుంది, ఎందుకంటే అవి కార్బన్‌ను గట్టిగా పట్టి ఉంచుతాయి. అనుభవం మీద గీసిన గీతకు ఒక బలహీనత ఉంది. కొత్త చుక్క పడితే గీత జరుగుతుంది. అర శాతం మాలిబ్డినం ఉక్కుకు గీసిన రేఖ కింద కూడా పగుళ్ళు బయటపడటంతో తర్వాత ఆ రేఖనే తీసేయాల్సి వచ్చింది. ఇంజనీరింగ్ ప్రమాణాల్లో పాత ముద్రణ వాడొద్దని పదేపదే చెప్పేది ఇందుకే.

సెమీకండక్టర్లలో ఈ ఇచ్చిపుచ్చుకోడాలు మరీ దగ్గరగా జరిగాయి. విద్యుత్ క్షేత్రంతో సెమీకండక్టరులోని ప్రవాహాన్ని అదుపు చేయొచ్చని షాక్లీ లెక్కవేశాడు, పరికరం మాత్రం పనిచేయలేదు. ఎందుకు చేయలేదన్న దానికి బార్డీన్ చెప్పిన కారణం, ఉపరితలం మీదే ఎలక్ట్రాన్లు చిక్కుకుని క్షేత్రాన్ని లోపలికి రానివ్వవు అని. ఒక పరికరం విఫలమవడం నుంచి ఉపరితలాల భౌతికశాస్త్రం ఊపందుకుంది. ఆ ఉపరితలాన్ని తవ్వుతుండగానే 1947 డిసెంబరులో బార్డీన్, బ్రాటెన్ జర్మేనియం మీద రెండు బంగారు కొనలను మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు దూరంలో ఆనించి తొలి ట్రాన్సిస్టరు చేశారు. మొదట అనుకున్న క్షేత్ర పద్ధతి ట్రాన్సిస్టరు, సిలికాన్ మీద వేడితో ఆక్సైడు పొర పెంచడం వచ్చాక, 1960 ప్రాంతంలో గానీ చేతికి రాలేదు. అది కూడా వెంటనే పరిశ్రమకు పనికిరాలేదు. వాడేకొద్దీ అది ప్రవాహాన్ని వదలడం మొదలుపెట్టే వోల్టేజి దానంతటదే జరిగిపోయేది. దోషి సోడియం. చేతి చెమటలో, కొలిమి గొట్టంలో, లోహపు పూత వేసే తీగలో ఉన్న కొద్దిపాటి సోడియం అయాన్లు ఆక్సైడులో వేడికి అటూ ఇటూ కదిలేవి. పట్టుకునే పరీక్ష సులువే. నమూనాకు వోల్టేజి పెట్టి రెండు మూడు వందల డిగ్రీలకు వేడిచేసి, చల్లార్చి, వోల్టేజితో పాటు కెపాసిటెన్స్ (చార్జిని నిలవచేసే శక్తి) ఎలా మారుతుందో చూపే గీత ఎటు జరిగిందో చూడాలి. వోల్టేజి దిశ తిప్పి మళ్ళీ చేస్తే గీత వెనక్కి వస్తుంది. వచ్చిందంటే కదిలే అయాన్లున్నట్టే.

జీపీఎస్ గురించి ఒక మాట, ఎందుకంటే ఈ చర్చల్లో దాన్ని తప్పుగా వాడేస్తుంటారు. ఉపగ్రహంలోని గడియారం వేగం వల్ల రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది, గురుత్వం తక్కువ కావడం వల్ల 45 ముందుకు పోతుంది. నికరంగా 38 మైక్రోసెకన్లు ముందుకు. కాంతివేగంతో గుణిస్తే 11 కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి సాపేక్షత లేకపోతే మీ ఫోను రోజుకు 11 కిలోమీటర్లు తప్పు చూపేదని చెబుతారు. గుణకారం సరైనదే, ముగింపు సరికాదు. అన్ని ఉపగ్రహాల గడియారాలూ ఒకే లెక్కన ముందుకు పోతే, రిసీవరు ఎలాగూ తన గడియారపు తేడాను స్థానానికి సంబంధించిన మూడింటితో పాటు నాలుగో తెలియని రాశిగా పెట్టుకుని లెక్కించేస్తుంది కాబట్టి ఆ ఉమ్మడి తప్పు అందులో కలిసిపోతుంది. సమయం దెబ్బతింటుంది, స్థానం అంతగా కాదు. ఉమ్మడి భాగాన్ని ప్రయోగానికి ముందే సరిచేస్తారు. గడియారాన్ని 10.23 మెగాహెర్ట్జ్ బదులు 10.22999999543 దగ్గర ఉంచుతారు. స్థానాన్ని నిజంగా తప్పించేది కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం వల్ల వచ్చే తేడా. కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే ఉత్కేంద్రత 0.01 అయితే అది 23 నానోసెకన్ల దాకా, అంటే 7 మీటర్ల దాకా పోతుంది. ఒక్కో ఉపగ్రహానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఉమ్మడి లెక్కలో కలిసిపోదు. దీన్ని రిసీవరే సరిచేయాలి. సొంతంగా రిసీవరు సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళు మొదట మర్చిపోయేది ఈ సవరణనే.

మీ చేతిలో ఒక ప్రాజెక్టు ఉండి, అది ముందుకు కదలకపోతే పరిశోధన కావాలా, ఇంజనీరింగ్ కావాలా అన్నది తేల్చుకోవడానికి మొదట సిద్ధాంతం చెప్పే గరిష్ఠాన్ని లెక్కవేయండి. అందులో పదో వంతు దగ్గరే ఉంటే కొత్త సూత్రం కోసం వెతకనక్కర్లేదు, నష్టం ఎక్కడెక్కడ పోతోందో కొలవండి. గరిష్ఠానికి ఆనుకుని ఉంటే ఎంత మెరుగుపరిచినా ఫలితముండదు, సూత్రమే మార్చాలి. ఇక చిన్న నమూనాలో పనిచేసి పెద్దదానిలో విఫలమైతే, ఉపరితలానికీ ఘనపరిమాణానికీ ఉన్న నిష్పత్తి మారడం వల్ల వేడి బయటికి పోలేకపోతోందేమో మొట్టమొదట చూడండి. ఒకసారి బాగా వచ్చి, మరోసారి అదే పద్ధతిలో చెడిపోతుంటే మలినం మీద అనుమానం పెట్టండి. సోడియం కథ అదే.

సౌరఘటాలు ఇప్పుడు సరిగ్గా ఈ కూడలిలోనే ఉన్నాయి. తన మీద పడే కాంతిలో ఒకే పదార్థపు ఘటం విద్యుత్తుగా మార్చగలిగేది 33 శాతం దరిదాపుల్ని దాటలేదని షాక్లీ, క్వైసర్ 1961లో చూపిన పద్ధతితో లెక్క తేలుతుంది. సిలికాన్‌కు ఆచరణలో హద్దు 29.4 శాతం. ప్రయోగశాల సిలికాన్ ఘటాలు 27 శాతం దాటేశాయి, ఇక పిండడానికి మిగిలింది కొంచెమే. అందుకని సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే మరో రకం స్ఫటిక పదార్థపు పొర వేసి రెండు పదార్థాలతో కాంతిని పంచుకునే ఘటాలు వచ్చాయి. అవి ప్రయోగశాలలో 33 శాతం దాటాయి. ఆ అంకె చదరపు సెంటీమీటరు సైజు ఘటంది. ప్యానెల్ కావాలంటే 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉండాలి, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 సార్లు తిరగాలి. సిలికాన్ ప్యానెళ్ళకు ఇది మామూలు పరీక్ష. పెరోవ్‌స్కైట్‌కు తేమ తగిలితే నల్లటి పొర విరిగి పసుపుపచ్చని లెడ్ అయొడైడ్ మిగులుతుంది, కదిలే అయొడైడు వెళ్ళి వెండి తీగను తినేస్తుంది. అయాన్లు ఎందుకంతగా కదులుతాయో తేల్చే పని ఒకచోట నడుస్తుండగా, అవి కదిలినా తేమ రాకుండా గాజు అంచును ఏ బ్యుటైల్ రబ్బరు సీలుతో ఎంత వెడల్పున మూయాలో మరోచోట తేలుస్తున్నారు. మొదటిదాని జవాబు కోసం రెండోది ఆగడం లేదు.